లేబుల్ చెప్పని నిమిషాలు



2008 జనవరి 7. లండన్ నుంచి వస్తున్న క్వాంటాస్ వారి బోయింగ్ 747 బ్యాంకాక్‌లో దిగడానికి ఎత్తు తగ్గించుకుంటోంది. నాలుగు ఇంజన్లూ నిక్షేపంలా తిరుగుతున్నాయి. అయినా విమానంలో చాలామటుకు కరెంటు పోయింది. ముందువైపు వంటగదిలో వాడిన నీళ్లు బయటికి పోయే గొట్టంలో మంచు గడ్డకట్టింది. నీళ్లు పొంగి, నేల సందుల్లోంచి కారి, కింద ఉన్న జనరేటర్ల కంట్రోల్ పెట్టెల్లోకి దిగాయి. నాలుగు జనరేటర్లలో మూడింటి సరఫరా ఆగింది. కెప్టెన్ ముందు మిగిలిన ముఖ్యమైన పరికరాలు బ్యాటరీ మీద నడిచాయి. విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది కాబట్టి అందరూ క్షేమంగా దిగారు. అదే ఏ సముద్రం నడిమధ్యనో జరిగి ఉంటే, ఆ బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందన్నదే అందరి ప్రాణాలకూ లెక్క అయ్యేది.

ఫ్యాక్టరీలో తయారై, ప్రభుత్వ ఆమోదం పొందిన విమానాలకు ఈ విషయంలో చట్టమే హద్దు గీసింది. చిన్న విమానాలకు అమెరికాలో చాలా ఏళ్లు అమల్లో ఉన్న పార్ట్ 23 నియమం ప్రకారం, కరెంటు తయారీ మొత్తం ఆగిపోతే, క్షేమంగా ఎగిరి దిగడానికి కావలసిన పరికరాలను బ్యాటరీ ఒక్కటే కనీసం 30 నిమిషాలు నడపాలి. 25,000 అడుగులకు పైన ఎగిరే అనుమతి ఉన్నవాటికైతే 60 నిమిషాలు. అందులో ఒక మెలిక ఉంది. కరెంటు పోయిన సంగతి పైలట్ కనిపెట్టడానికి, అక్కర్లేనివి ఒక్కొక్కటే ఆపేయడానికి పట్టే సమయం కూడా ఆ అరగంటలోనే కలిసిపోతుంది.

ఇక ఈ నియమం వర్తించని విమానాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అవి సొంతంగా ఇంట్లో కట్టుకున్నవి. అమెరికాలో ఇదొక పెద్ద లోకం. 1953లో మిల్వాకీలో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలా కట్టుకునేవాళ్ల సంఘమే. ఏటా జులైలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ ఊళ్లో వాళ్ల జాతర జరుగుతుంది. ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ అమ్మే కిట్లతో కట్టిన విమానాలే 11,000కు పైగా ఎగిరాయి. రెక్కలు, తోక, పొట్ట, రివెట్లు అన్నీ పెట్టెల్లో వస్తాయి. కారు షెడ్డులో కూర్చుని కొన్నేళ్లపాటు బిగించుకోవాలి. పనిలో సగానికి మించిన భాగం ఔత్సాహికులు తమ చేతులతో చేసి ఉండాలన్నది అక్కడి చట్టం. దానికి బదులుగా చట్టం ఇచ్చే స్వేచ్ఛ కూడా ఎక్కువే. ఏ ఇంజన్ పెట్టాలి, ఏ బ్యాటరీ పెట్టాలి, వైరింగ్ ఎలా లాగాలి, అన్నీ కట్టేవాడి ఇష్టం. మీ బ్యాటరీ అరగంట ఆగుతుందా అని అడిగే అధికారి ఉండడు. కాబట్టి ఆ ప్రశ్న కట్టినవాడే తనను తాను వేసుకోవాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఆగితే విమానం పడిపోతుందా? ఇంజన్‌ను బట్టి ఉంటుంది. పాత పద్ధతి లైకామింగ్ ఇంజన్లకు మాగ్నెటోలు ఉంటాయి. ఇంజన్ తిరిగినంతసేపూ నిప్పురవ్వకు కావలసిన కరెంటు అవే పుట్టించుకుంటాయి. బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టినా ఇంజన్ ఆగదు. పోయేవి రేడియో, దారి చూపే తెర, రాత్రయితే దీపాలు. మబ్బుల్లో ఎగురుతున్నవాడికి ఆ తెరే కళ్లు కాబట్టి అదీ చిన్న విషయం కాదు. కానీ ఇప్పుడు చాలామంది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టుకుంటున్నారు. పెట్రోలు తక్కువ తాగుతుంది, ఇంజన్ సాఫీగా నడుస్తుంది. అయితే పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, కాయిళ్లు, కంప్యూటరు అన్నీ కరెంటు మీదే బతుకుతాయి. అలాంటి విమానంలో కరెంటు చివరి చుక్క అయిపోయిన క్షణమే ఇంజన్ కూడా ఆగుతుంది.

మరి బ్యాటరీ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది కదా, ఇంకేం కావాలి? ఈ జవాబు ఎంత పొరపాటో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. స్టార్టర్ మోటారు 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అయిదు సెకన్లలో ఇంజన్ అందుకుంటుంది. 200ను అయిదుతో గుణిస్తే 1000 ఆంపియర్ సెకన్లు. గంటకు 3600 సెకన్లు కాబట్టి, వాడింది 0.28 ఆంపియర్ అవర్. 16 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇది రెండు శాతం కూడా కాదు. అంటే లోపల మూడో వంతు మాత్రమే మిగిలిన బ్యాటరీ కూడా ఇంజన్‌ను తిప్పగలదు. స్టార్టింగ్‌కు కావలసింది ఒక్క క్షణం బలం. ఆల్టర్నేటర్ పోయాక కావలసింది ఓర్పు. మొదటిది చూసి రెండోదాన్ని నమ్మకూడదు.

మన ఇళ్లలో ఇన్వర్టర్‌ను గుర్తు తెచ్చుకోండి. కొత్తలో కరెంటు పోతే మూడు గంటలు ఫ్యాను తిరుగుతుంది. నాలుగేళ్లయ్యాక కూడా పచ్చలైటు అలాగే వెలుగుతుంటుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా పోస్తూనే ఉంటాం. ఓ మే నెల రాత్రి కరెంటు పోతే ముప్పావుగంటకే కుయ్‌మంటుంది. అప్పటిదాకా దాని సంగతి ఎవరికీ తెలియదు. ఇంట్లో అయితే విసనకర్ర తీసుకుంటాం. అయిదు వేల అడుగుల ఎత్తులో ఆ వీలు లేదు.

బ్యాటరీ మీద రాసిన అంకె సంగతి చూద్దాం. 16 ఆంపియర్ అవర్లు అని ఉంటుంది. ఆ అంకెను సాధారణంగా 20 గంటల లెక్కన కడతారు. అంటే 0.8 ఆంపియర్ చొప్పున మెల్లగా తీసుకుంటే 20 గంటలు వస్తుంది. మీరు పది ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం గంటా ముప్పయ్యారు నిమిషాలు రావాలి, కానీ రావు. ఎంత వేగంగా లాగితే అంత తక్కువ చేతికొస్తుంది. సీసపు బ్యాటరీల ఈ స్వభావాన్ని 1897లోనే పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. దానికి తోడు వయసు ఒక కోత, చలి ఇంకో కోత. సున్నాకు 18 డిగ్రీలు దిగువన సీసపు బ్యాటరీ ఇంచుమించు సగం సత్తువ దాచేసుకుంటుంది. కాబట్టి కావలసిన నిమిషాలు లేబుల్ మీద దొరకవు. ఈ విమానంలో, ఈ లోడు మీద, ఈ బ్యాటరీని దించి చూస్తేనే దొరుకుతాయి.

దించేముందు ఒక జాబితా రాసుకోవాలి. ఏ పరికరం ఎన్ని ఆంపియర్లు తింటోందో పుస్తకం చూసి కాదు, టాంగ్ టెస్టర్ తగిలించి కొలవాలి, అదీ డీసీ కొలిచే రకంతో. అప్పుడు విచిత్రాలు బయటపడతాయి. గాలి వేగం కొలిచే గొట్టం గడ్డకట్టకుండా పెట్టే హీటర్ ఒక్కటే ఎనిమిది, పది ఆంపియర్లు మింగుతుంది. పాతరకం లాండింగ్ లైటు మరో ఎనిమిది. అన్నీ కలిపి పాతిక, ముప్పై దాకా పోయే విమానంలో, నిజంగా దిగడానికి కావలసినవి వేరుచేస్తే నాలుగైదు ఆంపియర్లకు మించవు: ఒక తెర, ఒక రేడియో, రాడార్‌కు విమానం ఉనికి చెప్పే ఒక ట్రాన్స్‌పాండర్. ఇంకో సంగతి. బ్యాటరీని మొత్తం వైరింగ్‌కు కలిపే మాస్టర్ కాంటాక్టర్ ఉంటుంది. ఊరికే మూసుకుని కూర్చోవడానికే అది ఒక ఆంపియర్‌కు కాస్త తక్కువగా తింటూ ఉంటుంది. అయిదు ఆంపియర్ల బడ్జెట్టులో అదొక తిండిపోతు.

అందుకే అమెరికాలో బాబ్ నకల్స్ అనే ఇంజనీరు ఈ ముఖ్యమైన పరికరాలన్నిటికీ వేరే దారి చూపించాడు. ‘ఏరోఎలక్ట్రిక్ కనెక్షన్’ పేరుతో ఆయన రాసిన పుస్తకం సొంత విమానాల వాళ్లకు వైరింగ్ పాఠ్యగ్రంథం లాంటిది. ముఖ్యమైనవన్నీ ఒకే బస్సు, అంటే కరెంటు పంచే పట్టీ, మీద పెట్టి, కాంటాక్టర్‌తో పనిలేకుండా బ్యాటరీ నుంచి నేరుగా ఒక స్విచ్చు ద్వారా కరెంటు ఇస్తారు. దాన్ని ఎండ్యూరెన్స్ బస్సు అంటారు. ఆల్టర్నేటర్ పోయిందా, ఆ స్విచ్చు వేసి మాస్టర్ ఆపేయడమే. గగనంలో కూర్చుని ఏది ఆపాలి, ఏది ఉంచాలి అని తర్జనభర్జన పడక్కర్లేదు. ట్యాంకులో పెట్రోలు ఉన్నంతసేపూ కరెంటు కూడా ఉండేలా చూసుకో అన్నది ఆయన సలహా. వ్యాన్స్ వారి ఆర్వీ-7లో దాదాపు 159 లీటర్ల పెట్రోలు పడుతుంది, అంటే నాలుగు గంటల పైమాటే. చిన్న బ్యాటరీతో అంత ఓర్పు కుదరదు. అందుకే కొందరు ఇంజన్ వెనక రెండో చిన్న ఆల్టర్నేటర్ పెడతారు. అది లేనివాళ్లు తమకు ఎన్ని నిమిషాలున్నాయో కచ్చితంగా తెలుసుకోవాలి.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. విమానం హ్యాంగర్‌లో నిలబడి ఉంది. ఇంజన్ ఆపి ఉంది. ముందురోజే బ్యాటరీని నిండా ఛార్జి చేసి, ఛార్జర్ తీసేసి, కాస్త స్థిమితపడనిచ్చారు. మల్టీమీటర్ తీగలు నేరుగా బ్యాటరీ కొనల మీద ఉన్నాయి. తెల్లకాగితం, పెన్ను, గడియారం. ఎండ్యూరెన్స్ స్విచ్చు వేశారు. తెర వెలిగింది, రేడియో గుయ్‌మంది. మొదటి కొద్ది నిమిషాల్లో ఓల్టేజీ చకచకా కాస్త దిగి, తర్వాత నెమ్మదిస్తుంది. అయిదు నిమిషాలకోసారి రాసుకుంటూ పోవాలి. రాసుకున్న ప్రతిసారీ రేడియో మీట నొక్కాలి, ఎందుకంటే వినేటప్పుడు అర ఆంపియర్‌తో సరిపెట్టుకునే రేడియో మాట్లాడేటప్పుడు మూడు, నాలుగు లాగుతుంది. చుట్టుపక్కల విమానాల చెవుల్లో మన పరీక్ష మోగకుండా ఆంటెన్నా స్థానంలో డమ్మీ లోడు బిగించాలి.

చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత మీటరులో అంకెలు తొందరపడటం మొదలవుతుంది. 12 దాటాయి, పదకొండున్నర దాటాయి. పన్నెండు ఓల్టుల సీసపు బ్యాటరీ పదిన్నరకు దిగితే ఖాళీ అని పుస్తకం అంటుంది. కానీ పదకొండు దగ్గరే, రేడియో మీట నొక్కగానే ఆ అదనపు బరువుకు ఓల్టేజీ ఒక్కసారిగా కుంగి, రేడియో ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి వెలుగుతుంది. తెర మాత్రం ఇంకా బాగానే ఉంది. అయినా పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. ముఖ్యమైనవాటిలో మొదటిది చేతులెత్తేసిన నిమిషమే మీ విమానానికి ముగింపు. పదిన్నర అన్నది బ్యాటరీ హద్దు. విమానం హద్దు దానికంటే ముందే రావచ్చు. ఈ సంగతి ఏ లెక్కలోనూ దొరకదు, మీట నొక్కితేనే దొరుకుతుంది.

ఒకసారి హద్దు తెలిశాక ప్రతిసారీ ఖరీదైన పరికరాలను అన్ని గంటలు వెలిగించి ఉంచక్కర్లేదు. బ్యాటరీని బయటికి తీసి, అంతే లోడు వేరే రూపంలో పెట్టవచ్చు. కారు హెడ్‌లైటు బల్బు 55 వాట్లది పన్నెండు ఓల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. ఓల్టేజీ హద్దుకు రాగానే తెగిపోయే చిన్న సర్క్యూట్ పెట్టి, దాంతోపాటు ఒక గోడ గడియారాన్ని కూడా ఆగిపోయేలా కలిపితే కాపలా ఉండక్కర్లేదు. ముళ్లు పన్నెండు దగ్గర పెట్టి ఇంటికి పోవచ్చు. పొద్దున వచ్చి చూస్తే బ్యాటరీ ఎంతసేపు నిలబడిందో గడియారమే చెబుతుంది. అయితే సీసపు బ్యాటరీని అలాగే ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సత్తువ చస్తుంది. గడియారం చూడగానే ఛార్జర్ తగిలించాలి. వేరే బ్యాటరీ తీగలు తగిలించి స్టార్టు చేసి ఆల్టర్నేటర్ మీదకు తోసేస్తే, ఆ ఖాళీ కడుపు నింపలేక ఆల్టర్నేటర్ కూడా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు చాలామంది బరువు తగ్గుతుందని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెడుతున్నారు. మంచివే. కానీ వాటి నడక వేరు. సీసపు బ్యాటరీ మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతూ హెచ్చరిస్తుంది. లిథియం పదమూడు ఓల్టుల దగ్గర చివరిదాకా నిలబడి, ఉన్నట్టుండి పడిపోతుంది. లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున తెగుతుంది. అక్కడ ఓల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, గడియారం ఒక్కటే దిక్కు. ఇంకో జాగ్రత్త. ‘ఇన్ని ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీకి సమానం’ అని కొన్నిటి మీద రాసే అంకె స్టార్టింగ్ బలానికి సంబంధించినది. ఓర్పు అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

కొలవడం ఒక ఎత్తయితే, కనిపెట్టడం ఇంకో ఎత్తు. ఆల్టర్నేటర్ పనిచేస్తున్నప్పుడు ఓల్టేజీ 14 పైన ఉంటుంది. 13 కంటే దిగిందంటే బ్యాటరీ తన సొంత సొమ్ము ఖర్చు పెడుతోందన్నమాట. అప్పుడే కళ్లముందు ఎర్రలైటు మెరవాలి. అది లేదనుకోండి. పైలట్ కిటికీలోంచి పొలాలు చూస్తూ అయిదు నిమిషాలు గడిపాడు. అన్నీ వెలుగుతున్నాయి, లోడు 28 ఆంపియర్లు. ఆ అయిదు నిమిషాల్లో రెండు ఆంపియర్ అవర్లకు పైగా ఖర్చయింది. అదే సొమ్ముతో అయిదు ఆంపియర్ల ఎండ్యూరెన్స్ బస్సు దాదాపు 28 నిమిషాలు నడిచేది. అయిదు నిమిషాల ఏమరుపాటుకు అరగంట మూల్యం. కాబట్టి ఏటా ఆ లైటు 13 దగ్గర వెలుగుతోందా లేదా అన్నది కూడా పరీక్షలో భాగమే.

కొన్ని తెరలకు వాటి వెనకే సొంత చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని చాలామంది బిగించి మర్చిపోతారు. అసలది ఛార్జి అవుతోందా? దాని ఫ్యూజు ఎప్పుడో పోయి ఉంటే? మామూలుగా ఎగురుతున్నప్పుడు ఏ తేడా కనబడదు. నేల మీద ఆ తెరకు వచ్చే సర్క్యూట్ బ్రేకర్ లాగి, తెర వెలుగుతూ ఉంటుందో లేదో, ఎంతసేపు ఉంటుందో గడియారం పెట్టి చూడటం తప్ప వేరే మార్గం లేదు.

ఎలక్ట్రానిక్ ఇంజన్ల వాళ్లకు ఈ పట్టింపు రెట్టింపు ఉండాలి. ఆ మధ్య లాక్‌డౌన్ కాలంలో బ్రిటన్‌లో స్థిరపడిన ఒక కేరళ ఇంజనీరు నాలుగు సీట్ల స్లింగ్ టీఎస్ఐ విమానం కట్టి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని యూరప్ చుట్టివచ్చిన సంగతి 2022లో మన పత్రికల్లో కూడా వచ్చింది. ఆ రకం విమానంలో ఉండే రోటాక్స్ 915 ఐఎస్ ఇంజన్‌కు లోపలే రెండు జనరేటర్లు ఉంటాయి. ఒకటి ఇంజన్‌కు, రెండోది విమానంలోని మిగతా వాటికి. మొదటిది పోతే రెండోది వెళ్లి ఇంజన్‌ను ఆదుకుంటుంది. ఇంజన్ ఆగదు, కానీ తెరలు, రేడియో అప్పట్నుంచి బ్యాటరీ పాలు. తెలివైన ఏర్పాటే. బ్యాటరీ ఎంతసేపు మోయగలదో తెలిస్తేనే అది పూర్తవుతుంది. ఇలాంటి ఇంజన్ ఉన్నవాళ్లు పరీక్షను ఆకాశంలో ఆఖరిదాకా లాగకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పరీక్ష ఎప్పుడు చేయాలి? అమెరికాలో సొంతంగా కట్టుకున్న విమానానికి ఏడాదికోసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. కట్టినవాడే రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుని, తన విమానానికి తానే సంతకం చేసుకోవచ్చు. చట్టం ఇచ్చిన ఆ సంతకం పక్కనే ఈ కొలత ఉండాలన్నది నా మనవి. కొత్తలో వచ్చిన నిమిషాలెన్ని, ఈ ఏడు వచ్చినవెన్ని. విమానాల బ్యాటరీలు తయారుచేసేవాళ్లు సత్తువ 80, 85 శాతం కంటే పడిపోతే తీసేయమంటారు. ఎండ ప్రాంతాల్లో అది తొందరగానే వస్తుంది. బ్యాటరీ ఉండే చోట వేడి ఎనిమిది, పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో పాత లెక్క. ఇంజన్ గోడకు ఆనించి పెట్టిన బ్యాటరీకి వేసవి ఏడాది పొడుగునా ఉంటుంది. ఇక కొలిచిన నిమిషాలన్నీ మనవే అనుకోకూడదు. గంటా ఇరవై వస్తే, నలభై నిమిషాల్లో దిగే చోటు చూసుకోవాలి. మిగతా సగం చలికీ, వయసుకూ, మన ఏమరుపాటుకూ వదిలేయాలి.

తెలుగు పిల్లలు ఇప్పుడు అమెరికాలో అన్ని ఊళ్లలోనూ ఉన్నారు, సరదాగా విమానం నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దమనిషి ఎవరైనా, నేనే కట్టాను, రండి ఒక చక్కరు కొట్టిద్దామంటే వద్దనకండి. అలాంటి అనుభవం మాటిమాటికీ రాదు. కానీ ఎక్కేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఆల్టర్నేటర్ పోతే బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది? ఆఖరుసారి ఎప్పుడు కొలిచారు? కొత్త బ్యాటరీయే, ఏం ఫర్వాలేదు అంటే, కింద నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయండి. నిమిషాలు చెప్పి, తేదీ కోసం లాగ్‌బుక్ తెరిచాడంటే నిశ్చింతగా బెల్టు పెట్టుకోండి.